పటాలము వెంట బజారు

సికింద్రాబాదు రైలు స్టేషను వెలుపలి ఆటోల కేకలను, ఆల్ఫా హోటలు ముందటి చాయ్ గుంపును దాటి, ప్రక్కనున్న ఇరుకు వీధులలోనికి మరలిన బాటసారి, కొట్ల పేరుపలకల మీద రెజిమెంటల్ బజార్ అను మాటను చదువును గాని, ఆ రెండు పదములు ఎట్లు జతపడినవో విచారింపకయే ముందుకు సాగిపోవును. విచారించినచో ఈ అధ్యాయమునకు కావలసిన శాస్త్రవిషయము చాలవఱకు ఆ పేరులోనే యిమిడియున్నదని తెలియగలదు. 1798లో నిజాము అలీఖానునకును ఈస్టిండియా కంపెనీకిని కుదిరిన సంధి ననుసరించి హుస్సేనుసాగరమునకు ఈశాన్యమున నున్న బయళ్ళలో కంపెనీ పటాలములు దిగినవి. 1806లో ఆ దండు విడిసిన తావునకు మూడవ నిజాము సికిందరు జా పేరిట సికింద్రాబాదని నామకరణము జరిగినది. జనుల నాలుకమీద మాత్రము అది నేటికిని లష్కరే. ఆనాటి సైనిక వ్యవస్థలో పటాలమునకు తనదైన బజారొకటి యుండుట ఆచారము. వేయిమంది సిపాయిలు తమ బియ్యము, పప్పు, ఉప్పు, పొగాకు కొఱకు వేయిమార్లు దూరపు గంజికి, అనగా టోకు అంగడికి, పరుగెత్తుటకు మారుగా, గంజినుండి సరకు బండ్లమీద ఒక్కమారు వచ్చి గుడారముల చెంతనే దిగెడిది. పటాలము కదలినచో బజారును మూటముల్లె సర్దుకొని దాని వెంట నడచెడిది.

అంతర్జాలము ద్వారా పాటను, పాఠమును, ఆటను సామాన్యజనుల చేతికి చేర్చవలయునని బయలుదేరిన ప్రయత్నము, ప్రయోగశాలలలో జయము నొందుచు వీధులలో ఓడిపోవుచు చాల యేండ్లు తడబడి, తుదకు నిలద్రొక్కుకొన్నది ఈ పటాలపు బజారు పద్ధతి మీదనే యని నా నిశ్చయము. ప్రసారమనగా దూరమునకు విసరుట యని మనము తలంచుచుందుము; అంతర్జాల ప్రసారము ఇంటింటి వస్తువైనది దగ్గఱకు తెచ్చి నిలువచేయుట చేత.

ఈ మాట తేటపడుటకు మొదట రేడియోను స్మరింపవలయును. హైదరాబాదులో దక్కను రేడియో 1935 ఫిబ్రవరి 3వ తేదీన 200 వాట్ల ప్రసారయంత్రముతో గొంతు విప్పినది. 1950 ఏప్రిల్ 1వ తేదీన ఆకాశవాణిలో లీనమైనది. 200 వాట్లనగా నేడు మన వంటింటిలో పచ్చడి రుబ్బు మిక్సీకి కావలసిన శక్తిలో సగము కూడ కాదు. అయినను ఆ యల్పశక్తితో బయలుదేరిన తరంగము నలుదిక్కుల వ్యాపించి, ధనికుని మేడమీదను, కూలివాని పెంకుటింటి మీదను భేదము లేకుండ వాలెడిది. ఒక్కరు విన్నను ప్రసారమునకు అంతే ఖర్చు, లక్షమంది విన్నను అంతే ఖర్చు. లక్షాయొకటవ శ్రోత తన పెట్టె మీట త్రిప్పినపుడు ఆ యంత్రమునకు రవంత అలసట కలుగదు. అతడొకడు వినుచున్నాడను సంగతియే దానికి తెలియదు. సిలోను కేంద్రమునుండి మీనాక్షి పొన్నుదొరై తెలుగు పాటలను ప్రకటించిన రోజులను తలచుకొని నేటికిని కన్నులు చెమర్చు పెద్దలు మనలో పెక్కురు గలరు. సముద్రము దాటి వచ్చిన ఆ తెలుగు మాట, ఎందఱి చెవినబడినను తఱుగని మాట. ప్రసారసాధనములలో ఇంతటి ఔదార్యము గలది మరియొకటి నాకు కానరాదు.

అంతర్జాలమునకు ఈ ఔదార్యము పుట్టుకతో లేదు. రేడియో దండోరా వంటిది. వీధి నడుమ నిలిచి ఒక్కమారు డప్పు కొట్టిన చాలును, వినువారందఱు విందురు. అంతర్జాలము పెండ్లి శుభలేఖల పంపిణీ వంటిది. వేయిమంది బంధువులున్నచో వేయి కార్డులు అచ్చువేయించి, ఒక్కొక్కదానిపై ఒక్కొక్క చిరునామా వ్రాసి, వేయి మారులు తపాలాలో వేయవలసినదే. పంపవలసిన సమాచారమును చిన్నచిన్న పొట్లములుగా, అనగా ప్యాకెట్లుగా, విడగొట్టి, ప్రతి పొట్లము మీదను పోవలసిన యంత్రపు చిరునామాను లిఖించి, దారిచూపు యంత్రముల, అనగా రౌటర్ల, చేతులమీదుగా సాగనంపుట దాని స్వభావము. ఉత్తరములకును దస్తావేజులకును ఇంతకన్న చక్కని పద్ధతి లేదు. కాని ఒకే పాటను నూర్గురు ఏకకాలమున కోరినచో నూరు పాటలు వేర్వేరుగా బయలుదేరును. పదివేలమంది కోరినచో పంపు యంత్రము, అనగా సర్వరు, మోకాళ్ళపై కూలబడును. రేడియోకు శ్రోతల సంఖ్య పెరుగుట సంబరము. అంతర్జాల ప్రసారమునకు తొలిదినములలో అదియే ప్రాణగండము.

తొలిదినములనగా మరీ పురాతనమేమియు గాదు. 1993లో అమెరికాలో కార్ల్ మలముడ్ అను నాతడు ఇంటర్నెట్ టాక్ రేడియో యను పేర సంభాషణలను రికార్డుచేసి అంతర్జాలమున నుంచెను. వినగోరువారు ముందు దానిని గంటల తరబడి దించుకొని పిదప వినవలసినవారు. 1995 ఏప్రిలులో రియల్ ఆడియో వచ్చి, దించుకొనుట ముగియకమునుపే వినుట ఆరంభింపవచ్చునని నిరూపించినది. ఆ యేడే ఆగస్టు 15న మన దేశమున విదేశ్ సంచార్ నిగమ్ సామాన్యులకు అంతర్జాలపు తలుపు తెఱచినది. తలుపు తెఱచినదే గాని సందు మిక్కిలి యిరుకు: టెలిఫోను తీగమీద సెకనుకు 9,600 బిట్లు. సంగీతపు సీడీలోని శబ్దమునకు సెకనుకు 44,100 మార్లు కొలత తీసి, ప్రతి కొలతను 16 బిట్లతో వ్రాసి, కుడియెడమలకు వేర్వేరుగా రెండు వరుసలుంచుదురు. లెక్కవేసి చూడగా సెకనుకు 14,11,200 బిట్లు. ఆ యేనుగు ఈ సందులో దూరవలయునన్నచో దానిని నూటనలువదియేడవ వంతునకు కుదింపవలయును.

కుదింపు శాస్త్రము మనుష్యుని చెవిలోని యొక బలహీనతను ఆశ్రయించి పెరిగినది. మన స్టేషను ప్లాట్‌ఫారము మీద ఇంజను కూత వేసిన క్షణమున ప్రక్కవాని గుసగుస మన చెవికి వినబడదు. ఆ గుసగుస లేకపోలేదు, కూత దానిని కప్పివేసినది. పాటలోను ప్రతి క్షణము ఇట్టి కూతలును గుసగుసలును గలవు. బిగ్గరయైన స్వరమొకటి తన కిరుగుపొరుగు స్వరములను మఱుగుపఱచుచుండును. ఎవరికిని వినబడని దానిని మోయుట యేల యని ప్రశ్నించిన శాస్త్రజ్ఞులు, ఆ మఱుగుపడిన భాగములను విడిచిపెట్టి, మిగిలిన దానిని మాత్రమే పంపు విధానమును రూపొందించిరి. ఎంపీ3 అనుదాని సారమిదియే. దానివలన సీడీ శబ్దము పదునొకండవ వంతునకు తగ్గినను సామాన్య శ్రోతకు లోటు తోచదు. దృశ్యమునకును ఇట్టి యుపాయమే గలదు గాని అచ్చట ఆధారము వేఱు. సంపూర్ణ హెచ్‌డీ చిత్రమును ఉన్నదున్నట్లు సెకనుకు 25 బొమ్మల చొప్పున పంపినచో సుమారు 124 కోట్ల బిట్లగును. అయితే క్రికెట్టు మైదానములో ఈ బొమ్మకును తరువాతి బొమ్మకును నడుమ పచ్చిక మారదు, గుంజలు మారవు. కదలినది బంతి, బ్యాటు, ఆటగాండ్ర కాళ్ళు. కావున మొదటి బొమ్మను పూర్తిగా పంపి, ఆపైన మారిన దానిని మాత్రమే చెప్పిన చాలును. 2003లో స్థిరపడిన హెచ్.264 అను ప్రమాణము ఈ పొదుపును ఎంత నిపుణముగా చేయుననగా, పై 124 కోట్లు అర కోటికి దిగివచ్చినను కంటికి పెద్ద తేడా తెలియదు.

కుదింపు వలన పొట్లము చిన్నదైనది. పొట్లముల సంఖ్య తగ్గలేదు. శుభలేఖను ఎంత పలుచని కాగితముమీద వేసినను వేయిమందికి వేయి వేయవలసినదే గదా. ఈ మూలవ్యాధికి మందు కనుగొనిన మొదటి వైద్యులు మల్టీకాస్టు పక్షమువారు. వారి యాలోచన యింపైనది: నూర్గురు ఒకే వీధిలో నున్నచో వీధి మొగవఱకు ఒకే ప్రతి పోవుగాక, అచ్చటి రౌటరు దానిని నూరుగా చేసి పంచుగాక. 1992 ప్రాంతమున ఈ పద్ధతిపై ఎంబోన్ అను ప్రయోగాత్మక జాలము వెలసినది. 1993 జూన్ 24న సివియర్ టైర్ డ్యామేజ్ అను వాద్యబృందము, దానిలోని వారందఱు కంప్యూటరు ఇంజనీర్లే, కాలిఫోర్నియాలో వాయించుచుండగా ఆస్ట్రేలియాలో దానిని ప్రత్యక్షముగా చూచిరి. 1994 నవంబరు 18న డల్లాసులో రోలింగ్ స్టోన్స్ వారి కచేరిలో కొంత భాగము ఆ మార్గముననే ప్రసారమైనది. చూచినవారు విశ్వవిద్యాలయములలోను పరిశోధనశాలలలోను పెద్ద యంత్రములు గల కొందఱు మాత్రమే.

ఆ యందమైన పద్ధతి లోకవ్యాప్తము కాలేదు. ఏలయనగా దారిలోని ప్రతి రౌటరును, అది ఏ దేశమునదైనను ఏ కంపెనీదైనను, ఎవరెవరు ఏ ప్రసారమును కోరుచున్నారో గుర్తుంచుకొనవలయును. ఒక కంపెనీ పొట్లమును మరియొక కంపెనీ నూరుగా పెంచి పంచినచో కూలి యెవరిత్తురో తేలదు. పైగా అందఱును ఒకే క్షణమున ఒకే దానిని చూచినపుడే అది ఉపకరించును, ఒకడు ఆపి నీళ్ళు త్రాగివచ్చి చూచెదనన్నచో చెల్లదు. ఒకే యజమాని యేలుబడిలో నున్న జాలములలో మాత్రము అది నేటికిని సుఖముగా జీవించుచున్నది. ఇంటి పెట్టెకు టీవీ చానెళ్ళను చేర్చు ఐపీటీవీ సేవలకు అది చక్కగా నప్పును. ఆంధ్రప్రదేశమున విద్యుత్తు స్తంభములమీదుగా ఫైబరు తీగలను లాగి, 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ చేతులమీదుగా ఆరంభమైన ఫైబర్ నెట్, నెలకు 149 రూపాయలకే టీవీని, టెలిఫోనును, సెకనుకు 15 మెగాబిట్ల అంతర్జాలమును కలిపి యిచ్చుటకు పూనుకొనినది ఈ కోవకు చెందిన ప్రయత్నమే. పల్లె యింటికి ఒకే తీగతో మూడు సేవలను చేర్చవలయునన్న ఆ సంకల్పము నా దృష్టిలో మిక్కిలి గౌరవింపదగినది.

లోకమునకు దారిచూపినది మరియొక మార్గము. మాసచ్యుసెట్స్ సాంకేతిక విద్యాలయములో గణితాచార్యుడైన టామ్ లైటన్, ఆయన శిష్యుడైన డేనియల్ లూయిన్ 1998లో అకమై అను సంస్థను స్థాపించిరి. వారి యుపాయమును లష్కరు మాటలలో చెప్పినచో క్షణములో బోధపడును: దూరపు గంజికి ప్రతి సిపాయిని పంపకుము, ప్రతి పటాలము చెంతను ఒక బజారు పెట్టుము. సరకు మూలస్థానమునుండి ఒక్కమారు బజారునకు వచ్చును. వేయిమందియు అచ్చటనే కొందురు. అనేక నగరములలో, అంతర్జాల సరఫరాదారుల ప్రాంగణములలోనే, తమ నిలువయంత్రములను ఉంచి, జనులు కోరు బొమ్మలను, పాటలను, చిత్రములను వానిలో ముందుగా దాచిపెట్టుట ఈ పద్ధతి. మల్టీకాస్టు వలె ఇది లోకములోని రౌటర్ల స్వభావమును మార్చబూనలేదు. ఉన్న దారులను అట్లే యుంచి, దారి పొడవును తగ్గించినది.

ఇందులో ఒక గణితరహస్యము గలదు; దానిని దాటి పోవుటకు మనసొప్పదు. బజారులో నూరు కొట్లున్నవి, సరకులు లక్షలు. ఏ సరకు ఏ కొట్టులో నున్నదో ప్రతి గిరాకియు వెదకుచు తిరిగినచో బజారు పెట్టిన ఫలమేమి? సరకు పేరునుండియే కొట్టు సంఖ్యను లెక్కగట్టు సూత్రమొకటి యున్నచో వెదకుట తప్పును. కాని యట్టి సామాన్యసూత్రములలో ఒక కొట్టు మూతబడిన వెంటనే లెక్క యంతయు తారుమారై, దాదాపు అన్ని సరకులును అన్ని కొట్లలోనుండి చోటు మారవలసివచ్చును. డేవిడ్ కార్గర్, లైటన్, లూయిన్ మొదలైనవారు 1997లో ప్రకటించిన పద్ధతిలో కొట్లను, సరకులను ఒకే వలయము మీద పేర్చుదురు. ప్రతి సరకును తనకు ముందువరుసలో దగ్గఱనున్న కొట్టునకు చెందును. ఒక కొట్టు మూతబడినచో దాని సరకు మాత్రమే ప్రక్క కొట్టునకు చేరును, తక్కినవి కదలవు. ఇంత సులువైన యూహ ఇంత లోకోపకారము చేసినది. డేనియల్ లూయిన్ 2001 సెప్టెంబరు 11న హైజాకర్ల వశమైన విమానములలో నొకదానిలో 31 యేండ్ల ప్రాయమున మరణించెను. ఆ దినముననే వార్తలకై లోకమంతయు అంతర్జాలము మీద విరుచుకొనిపడగా, ఎన్నో వార్తాసంస్థల పుటలు కూలిపోకుండ నిలబెట్టినది అతడు గట్టిన బజారే. ఈ సంగతిని తలచినప్పుడెల్ల నాకు గుండె బరువెక్కును.

నిలువచేయుటకు వీలైన సరకు పాత పాటయు, పాత చిత్రమును. ఇప్పుడిప్పుడే జరుగుచున్న ఆటను నిలువచేయుటెట్లు? ఇచ్చట మరియొక చిన్న యుపాయము పెద్ద ఫలమిచ్చినది. ప్రత్యక్షప్రసారమును ధారగా పోయుట మాని, కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ప్రతి ముక్కను ఒక ఫైలుగా చేసిరి. ఫైలైన వెంటనే అది బజారు సరకైనది. ఏ నిలువయంత్రమైనను దానిని దాచి పంచగలదు. 2009లో ఆపిల్ సంస్థ తన ఫోనుల కొఱకు ప్రవేశపెట్టిన హెచ్ఎల్ఎస్ ఈ పద్ధతిదే. అంతేగాక ప్రతి ముక్కను మూడు నాలుగు నాణ్యతలలో సిద్ధముచేసి యుంచుదురు. ఏది తీసుకొనవలయునో ఫోనే తేల్చుకొనును. సికింద్రాబాదులో రైలెక్కి కాజీపేట వైపు పోవువాడు, మౌలాలి వఱకు స్పష్టమైన బొమ్మను చూచి, ఘటకేసరు దాటి సిగ్నలు సన్నగిల్లిన పిదప కొంత మసక బొమ్మను చూచును. ఆట మాత్రము ఆగదు. పూర్వము బొమ్మ స్తంభించి చక్రము తిరుగుచుండగా ఎంత విసుగు కలిగెడిదో అనుభవించినవారికి ఈ మసక బొమ్మ విలువ తెలియును.

క్రికెట్టు ప్రసక్తి వచ్చినది గాన దానినే కొంచెము విస్తరించెదను. ఏలయనగా మన దేశమున అంతర్జాల ప్రసారమునకు అసలైన పరీక్ష పెట్టినది క్రికెట్టే. 2010 మార్చి 12న ఐపీఎల్ మూడవ యేటి తొలియాటలో మన డెక్కన్ చార్జర్స్ కోల్‌కతా జట్టుతో తలపడినపుడు, ఆ పోటీలను యూట్యూబ్ ప్రత్యక్షముగా చూపనారంభించినది. నాటికి చేతిలో స్మార్ట్ ఫోను గలవారు అరుదు. తొమ్మిదేండ్లు గడచినవి. 2019 మే 12న, రెజిమెంటల్ బజారుకు ఎనిమిది పది కిలోమీటర్ల దూరముననున్న ఉప్పలు మైదానములో ముంబయి, చెన్నై జట్లకు ఫైనలు జరిగినది. చివరి బంతికి చెన్నైకి రెండు పరుగులు కావలసియుండగా మలింగ వికెట్టు తీసి ముంబయిని ఒక్క పరుగుతో గెలిపించెను. ఆ యాటను హాట్‌స్టార్‌లో ఏకకాలమున చూచినవారి సంఖ్య 1.86 కోట్లకు చేరినది. అది నాటికి ప్రపంచములోనే మిక్కిలి హెచ్చు. ఒక్కొక్కరికి సెకనుకు పదిలక్షల బిట్లు మాత్రమే యనుకొన్నను, మొత్తము సెకనుకు 18.6 లక్షల కోట్ల బిట్లు. ఉప్పలు మైదానపు కేమెరానుండి ఒక్క సర్వరు నేరుగా ఇంతమందికి పంచుట ఎన్నటికిని కాని పని. బొమ్మ మైదానమునుండి ప్రసారకుల కేంద్రమునకు పోయి, ముక్కలై, నాణ్యతల వారీగా పేర్చబడి, ఊరూరి నిలువయంత్రములకు చేరి, మరల మన వీధికి తిరిగివచ్చినది. ఎనిమిది కిలోమీటర్ల ఆటకు అంత చుట్టు ప్రయాణము!

కోట్లమంది వచ్చి కూర్చుండుటకన్న, కోట్లమంది ఒక్కసారి లేచుట ఇంజనీర్లకు హెచ్చు భయంకరము. ఆ యేడు జూలైలో భారత న్యూజిలాండుల ప్రపంచకప్పు సెమీఫైనలును ఏకకాలమున 2.53 కోట్లమంది చూచుచుండగా ధోని రనౌటయ్యెను. గుండెలు పగిలిన జనులు కోట్లకొలది ఒక్కమారుగా ఆటను విడిచిపెట్టిరి. విడిచిన ప్రతివాడును వెనుకకు మరలు మీట నొక్కును. నొక్కగానే ఆప్ ముఖద్వారపు పుట తెఱచుకొనును. ఆ పుటలో ఎవరికి ఏ చిత్రము నచ్చునో వెదకి చూపు యంత్రములు వేఱు. బొమ్మను పంచు బజారు ఖాళీయైన క్షణముననే ఈ యంత్రముల మీద వఱద విరుచుకొనిపడినది. సినిమా ముగియగానే హాలులోని జనమంతయు ఒకే గేటులో చిక్కుకొను దృశ్యమును తలంపుడు. ఇట్టి వఱదను చూచిన తరువాత అదనపు యంత్రములను తెప్పించుకొందమన్నచో, అవి మేల్కొనుటకు పట్టు కొద్ది నిమిషములలోనే కొంప మునుగును. కావున ఆటకు ముందే వానిని లేపి నిలబెట్టవలయును. అప్పటికిని చాలనిచో అభిరుచుల సలహాలు మొదలగు అలంకారములను తాత్కాలికముగా ఆర్పివేసి, ఆట యొక్కటి నడచునట్లు చూడవలయును. నాలుగేండ్ల తరువాత, 2023 నవంబరు 19న ప్రపంచకప్పు ఫైనలునకు ఏకకాలమున చూచినవారి సంఖ్య 5.9 కోట్లకు ఎగబ్రాకినను దీపము కొండెక్కలేదు.

బజారులెన్ని యున్నను కొనువాని చేతిలో కాసు లేనిదే ఏమి ప్రయోజనము? ఒక జీబీకి రెండువందల రూపాయలకు పైగా చెల్లించిన దినములలో సామాన్యుడు పాటను వినుటకే జంకెడివాడు. 2016 సెప్టెంబరు 5న జియో రాకతో ధరలు నేలకు దిగినవి. అంతకు కొంచెము ముందు, రైలుపట్టాల ప్రక్కన సిగ్నళ్ళ కొఱకును వార్తల కొఱకును పఱచిన ఫైబరును ఆధారము చేసికొని రైల్‌టెల్, గూగుల్ సంస్థలు స్టేషనులలో ఉచిత వైఫైని పెట్టనారంభించెను. 2016లో తొలి పది స్టేషనులలో మన కాచిగూడ, విజయవాడ, విశాఖపట్నము లుండుట తెలుగువారికి కలిసివచ్చిన సంగతి. 2018 నాటికి స్టేషనులు నాలుగువందలైనవి. రైలు కొఱకు వేచియున్న కూలివాడు, పరీక్షకు చదువుకొను విద్యార్థి, ఊరికి పోవు ముసలివారు, కాసు ఖర్చు లేకుండ తొలిసారి ఒక చలనచిత్రమును చేతిలో చూచినది పెక్కు తావుల స్టేషను బెంచీమీదనే.

భాష లేని ప్రసారము ఎంత చవుకయైనను పరాయిదే. ఈ విషయమున తెలుగువారు ఆలస్యము చేయలేదు. అమెరికాలోని మనవారి కొఱకు తెలుగువన్ సంస్థ టోరి యను పేర అంతర్జాల రేడియోను నడిపినది. పూర్వము సిలోను మనకు తెలుగు వినిపించినట్లు, ఇప్పుడు మనము సముద్రములకావలికి వినిపించితిమి. 2012లో జగిత్యాల ప్రాంతపు లంబాడిపల్లినుండి మై విలేజ్ షో మొదలై, గంగవ్వ అను రైతుకూలి మాటతీరును, తెలంగాణ పల్లె నుడికారమును, ఏ స్టూడియో అనుమతియు లేకుండ లోకము ముందుంచినది. గుంటూరు సీమలో నూరేండ్లు దాటినదని చెప్పబడిన మస్తానమ్మ పొలము గట్టున పొయ్యి పెట్టి వండిన వంటలను లక్షలమంది చూచిరి. 2020 మార్చి 25, ఉగాదినాడు, అచ్చముగా తెలుగు కొఱకే అల్లు అరవింద్ ప్రభృతులు ఆహా అను వేదికను ఆరంభించిరి. కోవిడ్ వలన దేశము తలుపులు మూసికొనిన దినమును అదియే.

ఆ తలుపులు మూసిన కాలమున ఈ సాధనపు శక్తియు, లోపమును ఏకముగా బయటపడినవి. 2020 సెప్టెంబరు 1 నుండి తెలంగాణ ప్రభుత్వము బడిపాఠములను దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానెళ్ళ ద్వారా ప్రసారము చేసినది. టీశాట్ ఆప్ లోను, యూట్యూబులోను అవే పాఠములు లభించెను. మొదట టీవీని పట్టుకొని, తరువాత అంతర్జాలమును దానికి తోడుచేయుట వివేకమైన పని. ఏలయనగా ఒకే గదిలో కాపురముండు కుటుంబమున ఫోను ఒక్కటే, దానిని తండ్రి పనికి వెంటగొనిపోవును. పిల్లలు ఇద్దరో ముగ్గురో. టీవీ తరంగము ఎవరి యింట పడినను తఱగనిది. ఫోను డాటా ఒకరు వాడినచో మరియొకరికి తఱగును. దండోరాకును శుభలేఖకును గల భేదము ఆ గదులలో పిల్లల చదువుమీద పడిన తీరు మఱువరానిది. అంతర్జాలము ఎంత పెరిగినను ఆకాశవాణి, దూరదర్శన్ యంత్రములను ఆర్పివేయరాదని నేను పట్టుబట్టుటకు కారణమిదియే.

ఇంకొక కొఱత మిగిలియున్నది, అది కాలవిలంబము. ప్రత్యక్షప్రసారమును ముక్కలుగా కోసితిమి గదా. ఒక ముక్క పూర్తిగాక దానిని పంపరాదు. ఆపిల్ వారు ముక్కకు మొదట 10 సెకన్లు చాలుననిరి, పిదప 6 సెకన్లకు తగ్గించిరి. దారిలో ఒడిదుడుకులు వచ్చినను బొమ్మ ఆగకుండుటకై ఫోను రెండు మూడు ముక్కలను ముందుగా బఫరులో దాచుకొనును. కుదింపు, రవాణా, నిలువ కలిసి అర నిమిషమగుట సామాన్యము. కేబులు టీవీ గల యింటిలో సిక్సరునకు చప్పట్లు మ్రోగిన తరువాత గాని ప్రక్కింటి ఫోనులో బౌలరు పరుగు మొదలు పెట్టడు. 2019లో ఆపిల్ వారే, ముక్కను ఇంకను చిన్న తునకలుగా చేసి, తయారైనది తయారైనట్లే పంపు విధానమును ప్రకటించిరి. దానివలన విలంబము కొన్ని సెకన్లకు దిగును. కాని తునకలు చిన్నవైన కొలది బజారునకు వచ్చిపోవు బేరములు పెరుగును, కొట్లవారికి పని హెచ్చును, సిగ్నలు సన్నగిల్లినచో తట్టుకొనుటకు నిలువ మిగులదు. నిలువను తగ్గించిన వేగము, పెంచిన నిశ్చింత. ఈ రెంటి నడుమ బేరము ఇంకను తెగలేదు.

ఈ విలంబమును ఎవరైనను స్వయముగా కొలిచి చూడగోరినచో ఆషాఢమున లష్కరు బోనాలనాడు రెజిమెంటల్ బజారునకు రావలయును. ఉజ్జయినీ మహంకాళి ఆలయపు స్థలకథ కూడ పటాలముతో ముడివడినదే: హైదరాబాదున కలరా చెలరేగిన 1813లో, దండులో డోలీ మోయు సురిటి అప్పయ్య ఉజ్జయినిలో మ్రొక్కుకొని, 1815లో తిరిగివచ్చి సికింద్రాబాదున అమ్మవారిని ప్రతిష్ఠించెనని చెప్పుదురు. 2020లో భక్తులు గుమిగూడకుండనే ఆ జాతర జరిగినపుడు ఇండ్లలోని పెద్దలు తెరమీదనే దండము పెట్టుకొనిరి. నాటినుండి ఆ యలవాటు కొంత నిలిచినది. గుడికి కిలోమీటరు దూరమున, కాళ్ళు సహకరింపని అవ్వ కిటికీ ప్రక్కన మంచముమీద కూర్చుండి, మనుమడు పెట్టియిచ్చిన ఫోనులో జాతరను చూచుచుండునని యనుకొందము. గుడిముంగిట డప్పుమీద పడిన దెబ్బ గాలిలో సెకనుకు 340 మీటర్ల చొప్పున నడచి మూడు సెకన్లలో ఆమె కిటికీని చేరును. అదే దెబ్బ కాంతివేగముతో ఫైబరులో పరుగిడి, ముక్కలై, నాణ్యతలై, బజారులో నిలిచి, బఫరులో విశ్రమించి, ఆమె అరచేతిలో మ్రోగునప్పటికి అర నిమిషము గడచును. అప్పటికి కిటికీలోని డప్పు మరియొక దరువునకు మారియుండును.